పాత వెస్పా, లాంబ్రెట్టాకి కరెక్ట్ హారన్ వెతకడం, బిగించడం: మొదటి నుంచి చివరిదాకా

పాత స్కూటర్ బాగు చేయించుకునేవాళ్ళు పెయింట్ షేడ్ కోసం నెలలు తిరుగుతారు, సీటు కవర్ కుట్టు ఎలా ఉండాలో ఫోటోలు చూసి మరీ కుట్టిస్తారు, హారన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి మోగితే చాలు భయ్యా" అని మెకానిక్‌కి వదిలేస్తారు. వెస్పా ముందు నుంచి చూస్తే ముఖం మధ్యలో కనపడేదే హారన్, ముక్కు లాంటిది, అది తేడాగా ఉంటే తెలిసినవాడికి పది అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది. చూపు సంగతి అలా ఉంచితే, తప్పు హారన్ పెడితే అసలు మోగదు, లేదా నాలుగు రోజులు మోగి కాలిపోతుంది. నా వీబీబీ1టీకి (1961 వెస్పా 150, పొంటెడేరా ఫ్యాక్టరీది) హారన్ సెట్ చేసుకోడానికి ఏడాది దాకా పట్టింది. ఈ మధ్యలో ఫ్రెండ్ లాంబ్రెట్టా ఎల్ఐ 150 సిరీస్ 2 కూడా ఇద్దరం కలిసి చేశాం. అప్పుడు నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నా, మీకు ఆ ఏడాది తప్పుతుందని.

స్టెప్ 1: మీ బండి ఏంటో ముందు తేల్చుకోండి

హారన్ కొనకముందు ఫ్రేమ్ నంబర్ చూడండి, ఆర్సీలో రాసింది నమ్మొద్దు, బండి మీద కొట్టిన నంబర్ చూడాలి. వెస్పాలో మొదటి అక్షరాలే మోడల్ చెప్పేస్తాయి: వీబీబీ అంటే 150, వీఎల్‌బీ1టీ అంటే స్ప్రింట్ 150, వీఎస్5టీ జీఎస్ 150, వీఎస్‌డీ1టీ ర్యాలీ 180, వీఎస్ఎక్స్1టీ పీ200ఈ. ఇంజన్ మీద ఇదే కోడ్ చివర టీ బదులు ఎమ్ ఉంటుంది. రెండూ కలవకపోతే ఇంజన్ మార్చారని అర్థం, హారన్‌కి కావాల్సిన కరెంట్ వచ్చేది ఇంజన్ లోంచే కాబట్టి అప్పుడు బాడీని కాదు ఇంజన్‌నే పట్టించుకోవాలి.

లాంబ్రెట్టా అయితే సిరీస్ తెలియాలి. సిరీస్ 1 ఎల్ఐ బండికి హెడ్‌లైట్ కింద ముందు కాస్టింగ్ మీదే ఉంటుంది, సిరీస్ 2 నుంచి లైట్ హ్యాండిల్ మీదికి వెళ్ళింది, సిరీస్ 3 బాడీ సన్నబడింది, 1969లో వచ్చిన జీపీ (ఇటలీలో దాన్నే డీఎల్ అంటారు, గీసింది బెర్టోనే వాళ్ళు) వేరే ముఖం. హారన్ ముందుండే ఆ కాస్టింగ్‌ని అందరూ హారన్‌కాస్టింగే అంటారు, ఒక్కో సిరీస్‌కి అది వేరు, దాని గ్రిల్ వేరు, ఒకదానిది ఇంకోదానికి కూర్చోదు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. బజాజ్ వాళ్ళు 1971 దాకా పియాజ్జియో (వెస్పా తయారుచేసే ఇటలీ కంపెనీ) లైసెన్స్ మీద వెస్పా తయారుచేశారు. బొంబాయిలో ఏపీఐ (ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా) వాళ్ళు లాంబ్రెట్టా చేశారు. లాంబ్రెట్టా అసలు కంపెనీ ఇన్నోచెంటీ మిలాన్‌లో 1971లో స్కూటర్లు ఆపేశాక లక్నో స్కూటర్స్ ఇండియా ఆ మెషినరీ, హక్కులు కొనుక్కొచ్చి విజయ్ సూపర్ తీసింది, మన ఆల్విన్ పుష్పక్ కూడా ఆ కుటుంబమే. అంటే ఇటలీ బండికి ఇక్కడి సామాను ఏళ్ళ తరబడి ఎక్కుతూ దిగుతూ ఉంది. మీ బండి మీద ఇప్పుడున్న హారన్ నలభై ఏళ్ళుగా దాని మీదే ఉండొచ్చు, అంతమాత్రాన అది ఫ్యాక్టరీ హారన్ అనుకోడానికి లేదు.

స్టెప్ 2: ఏసీనా డీసీనా

అసలు విషయం అంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

బ్యాటరీ లేని పాత వెస్పా, లాంబ్రెట్టాల్లో లైట్లకి హారన్‌కి కరెంట్ నేరుగా మ్యాగ్నెట్ కాయిల్ నుంచి వస్తుంది. అది ఏసీ, 6 వోల్ట్ అని పేరు గానీ ఇంజన్ స్పీడ్‌ని బట్టి వోల్టేజ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఈ బండ్లకి పెట్టే ఏసీ హారన్ లోపల పాయింట్లు (కరెంట్‌ని కలిపి విడదీసే చిన్న కాంటాక్ట్‌లు) ఉండవు, ఒక కాయిల్, దాని ముందు పల్చటి రేకు, అంతే. కరెంట్ అటూ ఇటూ మారినప్పుడల్లా కాయిల్ రేకుని లాగి వదుల్తుంది, అదే మోత. ఫ్లైవీల్‌లో ఆరు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్నాయనుకోండి, ఒక చుట్టుకి కరెంట్ మూడు సైకిల్స్ పూర్తి చేస్తుంది. 1200 ఆర్‌పీఎమ్ దగ్గర అంటే సెకనుకి 60 సైకిల్స్, 4800 దగ్గర 240. అందుకే ఐడిలింగ్‌లో నొక్కితే "ర్ర్ర్" అని గొంతు బొంగురుపోయినట్టు ఉంటుంది, యాక్సిలరేటర్ ఇస్తే పైకి లేచి కీచుమంటుంది. చాలామంది ఇది రిపేర్ అనుకుని హారన్ తీసి పడేస్తున్నారు, నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ స్కూటర్ గొంతే అది! ఇంజన్‌తో పాటు పెరిగి తగ్గే ఆ మోత వినపడుతోందంటే హారన్ కరెక్ట్ గా పనిచేస్తోందని.

బ్యాటరీ ఉన్న మోడల్స్ (జీఎస్ 150, జీఎస్ 160 లాంటివి, లాంబ్రెట్టాల్లో కూడా కొన్ని) డీసీ హారన్ వాడతాయి. దాని లోపల పాయింట్లు ఉంటాయి, రేకు వెనక్కి రాగానే పాయింట్ తెరుచుకుని కరెంట్ ఆగుతుంది, రేకు ముందుకెళ్తే మళ్ళీ మూసుకుంటుంది, ఇంజన్ ఎంత స్పీడ్‌లో ఉన్నా ఒకే మోత.

చేతిలో ఉన్న హారన్ ఏ రకమో తెలుసుకోడానికి వెనక ముద్ర చూడండి. అల గుర్తు ఉంటే ఏసీ, అడ్డగీత ఉంటే డీసీ. ఇటాలియన్ సరుకు మీద అయితే సీఏ అని ఉంటే అది ఏసీ, సీసీ అని ఉంటే డీసీ, వాళ్ళ భాషలో కొర్రెంతె ఆల్తెర్నాతా, కొర్రెంతె కొంతీనువా. సీఏ అని చూసి ఇంగ్లీష్ అక్షరాలు తారుమారయ్యాయి అనుకోకండి.

ముద్ర చెరిగిపోయి ఉంటే 6 వోల్ట్ బ్యాటరీకి ఒక్క సెకను తగిలించండి. డీసీ హారన్ అయితే మోగుతుంది. ఏసీ హారన్ "టక్" అని ఒక్కసారి కొట్టుకుని ఊరుకుంటుంది, తీసేటప్పుడు ఇంకో టక్. ఈ టెస్ట్‌కి ఒక్క నిమిషం కూడా పట్టదు. నేను మొదట కొన్న కొత్త హారన్ డబ్బా మీద 6 వోల్ట్ ఏసీ అని శుభ్రంగా రాసి ఉంది, బండికి పెడితే నీరసంగా గరగరలాడింది, మూడు వారాలు వైరింగ్ అంతా వెతికాను, చివరికి బ్యాటరీకి తగిలిస్తే గట్టిగా మోగింది, లోపల ఉన్నది డీసీ హారన్. అప్పటినుంచి కొన్న రోజే, కుదిరితే అమ్మేవాడి ముందే, బ్యాటరీకి పెట్టి చూస్తున్నా.

ఒక్క జాగ్రత్త, డీసీ హారన్ పాయింట్లు అతుక్కుపోయినా టక్ అనే అంటుంది. అందుకని టక్ వచ్చాక ఏసీ మీద కూడా ఒకసారి చూడాలి, అది స్టెప్ 4లో చెప్తా.

స్టెప్ 3: ఎక్కడ వెతకాలి, ఏం కొలవాలి

వెతికే ముందు కొలతలు రాసుకోండి. బిగించే రెండు రంధ్రాల మధ్య దూరం (సెంటర్ నుంచి సెంటర్‌కి), ముఖం డయామీటర్, ముఖం వెనక ఎంత లోతు ఉందో, టెర్మినల్స్ ఏ వైపు ఉన్నాయో. లోతు అందరూ మర్చిపోతారు. అరవైల నాటి పెద్ద వెస్పాలకి హారన్ ముఖం బయటికి క్రోమ్‌తో కనపడుతుంది, వెనకభాగం హారన్‌కాస్ట్ (హారన్ కూర్చునే ముందు కవర్) లోపలికి వెళ్తుంది, ఆ లోపలే కేబుల్స్ కూడా దిగుతాయి. హారన్ నడుము లావుగా ఉంటే గేర్ కేబుల్‌ని ఒత్తేస్తుంది, హ్యాండిల్ ఒక వైపు తిప్పితే గేర్ గట్టిపడుతుంది, కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టదు. తర్వాత వచ్చిన వెస్పా పీఎక్స్‌లో హారన్ మొత్తం గ్రిల్ వెనక లోపలే ఉంటుంది, అక్కడ ముఖం అందం కన్నా పట్టడం ముఖ్యం.

నా లెక్కలో మొదటి ఛాయిస్ మీ దగ్గరున్న చచ్చిపోయిన ఒరిజినల్ హారనే. తుప్పు పట్టినా సరే పారెయ్యొద్దు, సగానికి పైగా బతుకుతాయి. రెండో ఛాయిస్ వాడని పాత స్టాక్ లేదా వాడిన ఒరిజినల్. ఇటలీలో వీటికి మోస్త్రా స్కాంబియో అనే సంతలు జరుగుతాయి, ఇమోలా రేస్ ట్రాక్‌లో జరిగేది, మిలాన్ పక్కన నొవేగ్రోలో జరిగేది బాగా పేరున్నవి. ఇటలీలో ఉంటున్న మనవాళ్ళు ఎవరైనా తెలిస్తే వెళ్ళి చూడమని అడగండి, ఫోటోలో కనపడనిది చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఇంగ్లీష్‌లో కొడితే టూరిస్ట్ రేట్లు వస్తాయి, ఇటాలియన్‌లో "క్లాక్సన్", పార్ట్స్ బుక్‌లో రాసేలా "అవ్విసతోరె అకుస్తికో" అని వాళ్ళ స్పెల్లింగ్‌లో కొట్టి పక్కన మోడల్ కోడ్ పెట్టండి, వచ్చే సరుకే వేరు. పాత ఇటాలియన్ హారన్ మీద ఐజీఎమ్ అని నంబర్‌తో ముద్ర ఉంటే అది అక్కడి మోటార్ శాఖ ఆమోదం గుర్తు, తర్వాతి కాలం వాటి మీద డీజీఎమ్ అని ఉంటుంది. అరవైల మొదట్లోని బండికి డీజీఎమ్ హారన్ ఉందంటే మధ్యలో మార్చి ఉండొచ్చు.

మూడో ఛాయిస్ కొత్తగా చేసే కాపీలు. జర్మనీలో ఎస్ఐపీ, స్కూటర్ సెంటర్ లాంటి షాపుల్లో, లాంబ్రెట్టాకైతే ఇటలీలో కాసా లాంబ్రెట్టా, రిమినీ లాంబ్రెట్టా సెంటర్ దగ్గర దొరుకుతాయి. చూడ్డానికి బాగుంటాయి, రోజూ నడిపే బండికి అవి చాలు, కానీ కస్టమ్స్, కొరియర్ కలిపి లెక్కేసుకుని ఆర్డర్ పెట్టండి.

హైదరాబాద్‌లో అయితే జుమ్మేరాత్ బజార్‌లో గురువారం పొద్దున్నే వెళ్తే పాత స్కూటర్ సామాను కుప్పలు కనపడతాయి, అక్కడ ఓపికే పెట్టుబడి. నా ప్రస్తుత హారన్ ముఖం అలాంటి కుప్పలో దొరికిందే, లోపల కాయిల్ వేరే చచ్చిన హారన్‌ది, రెండు కలిపి ఒకటి చేశాను. బజాజ్ చేతక్‌లోనే తర్వాతి కాలం మోడల్స్‌కి వచ్చిన 12 వోల్ట్ హారన్ 6 వోల్ట్ వెస్పాకి పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి, రంధ్రాలు కలిసినంత మాత్రాన కరెంట్ కలవదు.

స్టెప్ 4: పాత హారన్‌ని బతికించడం

ముందు మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి రెండు టెర్మినల్స్ మధ్య చూడండి. చాలా తక్కువ రెసిస్టెన్స్ చూపిస్తే కాయిల్ బతికున్నట్టే. ఏమీ చూపించకపోతే వెంటనే ఆశ వదులుకోవద్దు, చాలాసార్లు కాయిల్ తీగ టెర్మినల్ దగ్గర తెగి ఉంటుంది, చుక్క సోల్డర్‌తో అయిపోతుంది. డీసీ హారన్ అయితే పాయింట్ల మీద మసి కూడా కారణం అవ్వచ్చు. తర్వాత ఒక్కో టెర్మినల్‌కీ హారన్ బాడీకీ మధ్య చూడండి, కనెక్షన్ చూపిస్తే ఇన్సులేషన్ వాషర్ పోయినట్టు, లేదా ఆ మోడల్ బాడీనే ఎర్త్‌గా వాడేది అయ్యుండొచ్చు, విప్పితే తెలుస్తుంది.

విప్పే ముందు ఫోటోలు తీయండి, రింగ్, రేకు, గాస్కెట్ పేపర్లు ఏ వరసలో ఉన్నాయో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఆ గాస్కెట్ మందమే రేకుకీ కాయిల్ ముక్కుకీ మధ్య గ్యాప్‌ని పట్టి ఉంచుతుంది, పాతది చిరిగిందని ఇష్టమొచ్చిన మందంలో కొత్తది కోసి పెడితే హారన్ మూగబోతుంది, లేదా రేకు కాయిల్‌ని తన్ని చెడ్డ శబ్దం చేస్తుంది. రివిట్లు ఉన్న హారన్ అయితే రివిట్లని మెల్లిగా డ్రిల్ చేసి మళ్ళీ బిగించేటప్పుడు చిన్న స్క్రూలు వేసుకోవచ్చు, క్రోమ్ రింగ్ కింద అవి కనపడవు.

రేకు మీద తుప్పుని గట్టిగా గీకకండి, అది పల్చబడితే గొంతు మారిపోతుంది. నేను మెత్తటి ఎమ్రీ పేపర్, కొంచెం నూనె వేసి తుడిచి, పల్చగా పెయింట్ ఒక్క కోటు కొట్టాను. క్రోమ్ ప్లేటింగ్‌కి ముఖం, రింగ్ మాత్రమే ఇవ్వండి. రేకుకి కూడా చేయించొద్దు, బరువు పెరుగుతుంది.

డీసీ హారన్‌లో పాయింట్లని సన్నటి ఆకురాయితో రెండు రుద్దులు రుద్ది, దుమ్ము పోయేలా శుభ్రమైన కాగితం మధ్యలో పెట్టి లాగండి. అడ్జస్ట్ స్క్రూని ఒకేసారి ఎక్కువ తిప్పకండి, ఎనిమిదో వంతు చుట్టు, మోగించి చూడటం, మళ్ళీ ఎనిమిదో వంతు. మోత క్లియర్‌గా వచ్చి, వేడెక్కకుండా ఉన్నచోట ఆపి చుక్క పెయింట్ పెట్టండి, లేకపోతే వైబ్రేషన్‌కి తిరిగిపోతుంది.

ఏసీ హారన్‌ని టేబుల్ మీద మోగించాలంటే కోఠి గుజరాతీ గల్లీలో 6 వోల్ట్ 3 ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తీసుకోండి. 6-0-6 ఇస్తే మధ్య తీగ, ఒక పక్క తీగ వాడాలి, రెండు పక్కలూ వాడితే 12 వస్తుంది, జాగ్రత్త. ఇంటి కరెంట్ వైపు తీగలు డబ్బాలో మూసి ఉంచండి, పిల్లలు తిరిగే చోట చేయకండి. రెండు మూడు సెకన్లకి మించి నొక్కి పట్టొద్దు. అక్కడ ఎప్పుడూ 50 సైకిల్సే కాబట్టి ఐడిలింగ్‌లో వినపడే లాంటి బొంగురు గొంతే వస్తుంది. అది వచ్చిందంటే హారన్ ఏసీదే, పని అయినట్టే.

స్టెప్ 5: బటన్ సంగతి

హారన్ బాగానే ఉండి బండి మీద మోగకపోవడానికి సగం కారణం బటన్. మామూలు బటన్ నొక్కితే కలుస్తుంది. బ్యాటరీ లేని కొన్ని పాత వెస్పాల్లో మాత్రం ఉల్టా, నొక్కనప్పుడు కలిసి ఉంటుంది, నొక్కితే విడిపోతుంది. నొక్కనంతసేపు కరెంట్ బటన్ దారిన తేలిగ్గా పోతుంది, నొక్కగానే ఆ దారి మూసుకుని హారన్‌లోంచి పోవాల్సి వస్తుంది. అలాంటి వైరింగ్ ఉన్న బండికి మామూలు బటన్ పెడితే ఇంజన్ స్టార్ట్ అయినప్పటినుంచి హారన్ మోగుతూనే ఉంటుంది. కాబట్టి స్విచ్ డబ్బా మార్చే ముందు పాతదాన్ని మల్టీమీటర్‌తో చూసి నొక్కితే కలుస్తోందా విడిపోతోందా రాసి పెట్టుకోండి. మీ మోడల్ వైరింగ్ బొమ్మ ప్రింట్ తీసి షెడ్‌లో గోడకి అంటించండి, వైర్ రంగులని నమ్ముకోవద్దు, అరవై ఏళ్ళలో ఎంతమంది చేతులు పడ్డాయో.

స్టెప్ 6: బిగించడం

పాత వైర్ల రబ్బర్ చేత్తో నలిపితే పొడి అవుతుంటే కొత్త వైర్ లాగండి, హారన్ కోసం చేసిన పని రేపు ఆ వైర్ షార్ట్ అయితే వృథా. హారన్‌కాస్ట్ విప్పి, వైర్లు కేబుల్స్ వెనక నుంచి తెచ్చి, టెర్మినల్స్ దగ్గర కొంచెం లూజ్ ఉంచండి. రబ్బర్ వాషర్లు ఒరిజినల్‌లో ఉన్నచోట తప్పకుండా వేయండి, హారన్ అంచు షీల్డ్ రేకుని (కాళ్ళ ముందు అడ్డుండే రేకు) తాకితే హారన్ మోగే బదులు మొత్తం షీల్డ్ గరగరలాడుతుంది, పైగా కొత్త పెయింట్ లేచిపోతుంది. స్క్రూలు రెండూ సగం సగం బిగిస్తూ రండి, ఒకటి పూర్తిగా బిగించి రెండోది పట్టుకుంటే పాత కాస్టింగ్ చెవి పగిలే ప్రమాదం ఉంది, లాంబ్రెట్టా వాళ్ళకి ఇది మరీ చెప్తున్నా, అల్యూమినియం కాస్టింగ్ ఒరిజినల్‌ది పగిలితే మళ్ళీ దొరకడం కష్టం.

ఎర్త్ అవసరమైన చోట పెయింట్ కింద లోహం కనపడేదాకా గీకి, బిగించాక కొంచెం గ్రీజు పూయండి. కొత్తగా పౌడర్ కోటింగ్ చేయించిన బండ్లలో హారన్ మోగకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. మొత్తం బిగించాక హ్యాండిల్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ గేర్లు, క్లచ్ అన్నీ వేసి చూడండి, ఎక్కడైనా గట్టిపడితే విప్పి వైర్ దారి మార్చండి.

12 వోల్ట్ చేయించిన బండి అయితే

చాలామంది ఎలక్ట్రానిక్ స్టేటర్ (ఇంజన్‌లో కరెంట్ పుట్టించే కాయిల్స్ ఉన్న ప్లేటు), రెగ్యులేటర్ వేయించి 12 వోల్ట్‌కి మారుస్తున్నారు, నాకు దాని మీద ఏ అభ్యంతరం లేదు, రాత్రిపూట లైట్ కనపడాలి కదా. 12 వోల్ట్ ఏసీ హారన్ పెట్టుకుంటే సులువు. గట్టిగా మోగే డీసీ హారన్ కావాలంటే మధ్యలో ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫైయర్ (10 ఆంప్ పైన), దాని ప్లస్ మైనస్ మధ్య 4700 మైక్రోఫారడ్ 35 వోల్ట్ కెపాసిటర్ పెట్టండి. పాత హారన్‌కి వచ్చే రెండు వైర్లు బ్రిడ్జ్ ఏసీ కాళ్ళకి, బ్రిడ్జ్ ప్లస్ మైనస్ హారన్‌కి. ఇది నొక్కితే కలిసే బటన్ ఉన్న బండికి. ఇక్కడ అందరూ చేసే తప్పు బ్రిడ్జ్ మైనస్‌ని బాడీకి ఎర్త్ చేయడం. స్టేటర్ ఒక చివర అప్పటికే బాడీకి ఎర్త్ అయి ఉంటుంది, మైనస్‌ని కూడా కలిపితే బ్రిడ్జ్ లోపలి డయోడ్ లోంచి షార్ట్ అయ్యి బ్రిడ్జ్ కాలిపోతుంది, స్టేటర్ కూడా దెబ్బతినొచ్చు. అందుకే రెండు టెర్మినల్స్ బాడీకి తగలని హారనే కొనండి. ఒరిజినల్ హారన్‌ని ముఖం కోసం అలాగే ఉంచి, ఈ కొత్తది షీల్డ్ వెనక కనపడకుండా పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు, నాకు నచ్చిన పద్ధతి అదే. రకరకాల స్వరాలు పలికే మ్యూజికల్ హారన్లు మాత్రం పెట్టొద్దు, మన 1989 మోటార్ వాహనాల రూల్స్ కూడా ఒప్పుకోవు.

ఇంజన్ స్టార్ట్ చేసి చూసుకోండి

ఐడిలింగ్‌లో బొంగురుగా, రేజ్ చేస్తే కీచుగా వస్తే ఏసీ హారన్ బాగున్నట్టు. ఐడిలింగ్‌లో అసలు లేకుండా రేజ్ చేస్తేనే వస్తుంటే గ్యాప్ ఎక్కువైంది, గాస్కెట్ మళ్ళీ చూడండి, లేదా మ్యాగ్నెట్ నీరసించింది. హారన్ నొక్కితే హెడ్‌లైట్ కొంచెం తగ్గడం మామూలే, ఇద్దరూ ఒకే కాయిల్ మీద బతుకుతున్నారు. పూర్తిగా ఆరిపోతే షార్ట్ ఉంది. బల్బులు తరచూ పోతుంటే వాట్స్ చూడండి. పాత 6 వోల్ట్ సిస్టమ్‌లో రెగ్యులేటర్ ఉండదు, బల్బులు తినే కరెంటే వోల్టేజ్‌ని అదుపులో పెడుతుంది, తక్కువ వాట్ల బల్బు లేదా ఎల్ఈడీ పెడితే మిగిలిన బల్బులు, హారన్ కాయిల్ మీద భారం పడుతుంది.

నా వీబీబీకి చివర్లో మిగిలిన సమస్య థర్డ్ గేర్‌లో హారన్ సన్నగా వణకడం. రింగ్ స్క్రూలు నాలుగూ సమానంగా బిగించలేదు, ఒకటి పావు చుట్టు వదులు ఉంది. దాన్ని సరిచేసి నెక్లెస్ రోడ్ మీద ఒక రౌండ్ వేశాను, సెకండ్‌లో బొంగురుగా మొదలై థర్డ్‌కి వచ్చేసరికి ఇంజన్‌తో పాటే పైకి లేచింది.